పోలమ్మ పొద్దు

అనగనగా అని అందరూ మొదలెడతారే, ఆ అనగనగాకి ఇంకో ఏడు వానాకాలాల అవతల, కొండల కింద ఒక ఊరుండేది. ఊరి పక్కన ఒక గెడ్డ. గెడ్డంటే కొండ మీంచి దిగే వాగు. ఊరి మధ్యన ఒక తాటాకుల బడి. ఆ కాలంలో పలకలు లేవు, పుస్తకాలు లేవు. పిల్లల ముందు నేల మీద ఇసుక పోసేవాళ్లు. పిల్లలు వేలితో ఆ ఇసుకలో అక్షరం దిద్దేవాళ్లు.

ఆ ఇసుక తెచ్చే మనిషి పేరు పోలమ్మ.

పోలమ్మకి ముందూ లేరు, వెనకా లేరు. బడిపిల్లల ఇళ్లలో తలో ముద్ద పెడితే తినేది. తెలవారగానే గెడ్డకి పోయేది. తట్టెడు ఇసుక నెత్తిన పెట్టుకొచ్చేది. బడి ఊడ్చేది, ఇసుక జల్లించేది, చాటెడు చాటెడు పోసేది. పంతులు వచ్చేసరికి పక్కకి తప్పుకునేది. ఊడ్చేది, జల్లించేది, పోసేది. ఇరవై ఏళ్లు అదే పని. జల్లించిన ఇసుక మీద లేత ఎండ పడితే, పైనుంచి ఎవరో పుప్పొడి రాల్చినట్టు ఉండేదట. అది చూస్తూ పోలమ్మ కాసేపు నిలబడిపోయేదట. ఆ మాట ఎవరితోనూ అనలేదు. అనడానికి ఎవరున్నారు గనక?

ఆ ఊళ్లో తవుడు అని ఒక పిల్లవాడు. వాడికి ముందు పుట్టిన ఇద్దరూ పోయారు. వీడైనా దక్కాలని చాటెడు తవుడు పోసి కొన్నట్టు చేసి ఆ పేరు పెట్టారు. తండ్రి వాడు పాకేటప్పుడే పోయాడు. వాడికి ఏడో ఏడు వచ్చాక ఒకనాడు తల్లి కట్టెలకని గెడ్డ దాటి వెళ్లింది. తిరిగి వచ్చేటప్పుడు ఆమె అవతలి గట్టు మీద ఉంది, తవుడు ఇవతలి గట్టు మీద ఉన్నాడు. ఊళ్లో ఎండ కాస్తోంది. ఆమె మోపుతో ఎండిన గెడ్డ ఇసుకలో దిగింది. సగం దాటేసరికి కొండనీళ్లు మనిషెత్తున వచ్చాయి.

ఊరికి తెలిసింది అంతే. ఆ రోజు నుంచి తవుడు మాట్లాడలేదు.

వాడి నాయనమ్మ గవరమ్మ వాణ్ణి బడికి తీసుకొచ్చింది. నోట్లో అక్షరం పడితే దాని వెనకే మాట కూడా వస్తుందని ఆవిడ ఆశ. గంగాధరం పంతులు వాణ్ణి ఒకరోజు బుజ్జగించాడు. ఒకరోజు గదిమాడు. ఒకరోజు చింతబరికె తీశాడు. తవుడు నోరు తెరవలేదు, ఏడవనూ లేదు. “తవుడు తిన్న కోడయినా కొక్కొరొకో అంటాది. నీకేటైందిరా?” అని పక్కపిల్లలు వేళాకోళం చేసేవాళ్లు.

ఆఖరికి గవరమ్మ వాతల మనిషిని మాట్లాడింది. కాల్చిన పసుపుకొమ్ముతో నాలిక మీద వాత పెడితే బిగుసుకున్న మాట ఊడిపడుతుందని ఆ కాలం వాళ్ల నమ్మకం. గవరమ్మ చెడ్డ మనిషి కాదు. మనవడి గొంతు వినకుండానే పోతానేమోనని ఆవిడ భయం. వాతల మనిషి మూడు వారాలాగి వస్తానని కబురు పెట్టాడు.

ఆ కబురు పోలమ్మ చెవిన పడింది. ఆమె చిన్నప్పుడు ఆమె తమ్ముడికి కూడా అలాగే వాత పెట్టారు. వాడికి మాట రాలేదు సరిగదా, అన్నం మింగడం కూడా మానేశాడు. నెల తిరక్కుండా పోయాడు.

మర్నాడు పోలమ్మ ఊడ్చింది, జల్లించింది, పోసింది. పంతులు ఇంకా రాలేదు. తవుడు అందరికన్నా ముందే వచ్చి తన చాటెడు ఇసుక ముందు కూర్చున్నాడు. మొలతాటికి కట్టిన చిన్న మూట విప్పి రెండు చింతగింజలు తీశాడు. అరచేత్తో ఇసుకలో వంకరగా ఒక చాలు లాగాడు. చాలుకి అటు ఒక గింజ పెట్టాడు, ఇటు ఒక గింజ పెట్టాడు. అటు గింజని చాలులోకి తోశాడు. దాని మీద ఇసుక కప్పాడు. మొత్తం చెరిపేశాడు. మళ్లీ చాలు లాగాడు.

అంతలో పంతులు వచ్చాడు. అక్షరాలు దిద్దే చోట ఆటలేమిటని వీపు మీద ఒకటి వేశాడు. పోలమ్మ చీపురు పట్టుకుని అక్కడే ఉంది. ఆ చాలు గెడ్డ అని ఆమెకి తెలిసింది. ఇంకేమీ తెలియలేదు.

ఆ సాయంత్రం ఆమె పంతులి గుమ్మం ముందు నిలబడింది. ఇరవై ఏళ్లలో ఆయన్ని ఏదైనా అడగడం అదే మొదలు.

“బాబూ, మీరొచ్చేదాకా తవుడితో ఆ పొద్దు నాకిచ్చెయ్యండి. మీరొచ్చాక మీది.”

“అక్షరమ్ముక్క రానిదానివి, నువ్వేం నేర్పుతావే వాడికి?”

“నేర్పను బాబూ. కూకుంటాను.”

పంతులికి నవ్వొచ్చింది. కూర్చోడానికి కూడా చదువు కావాలని ఎక్కడా రాసి లేదు గనక సరేనన్నాడు.

మొదటి వారం పోలమ్మ ఊరికే కూర్చోలేకపోయింది. వాడి పక్కన చేరి నక్క కథ చెప్పింది, రాజు కథ చెప్పింది. మధ్యలో మెల్లగా, ఆ రోజు ఏమైందని అడిగింది. తవుడు గింజలు రెండూ మూటలో కట్టేసుకున్నాడు. మళ్లీ తియ్యలేదు. ఒక వారం పోయింది.

రెండో వారం పోలమ్మకి ఇంకో ఆలోచన వచ్చింది. తను తెచ్చేది ఆ గెడ్డ ఇసుకే గదా. తల్లిని మింగిన ఇసుకని పిల్లవాడి ముందు పోస్తున్నాను గదా అనుకుంది. ఆ మాట తట్టాక ఆమె గెడ్డకి పోవడం మానేసింది. కొండ ఎక్కి, అక్కడి ఎర్రమట్టి తవ్వి, పొడి చేసి, జల్లించి తెచ్చింది. మెడ నరాలు పీకేశాయి. తవుడు ఆ ఎర్రమట్టి వైపు చూసి చేతులు చంకల్లో పెట్టుకున్నాడు. వారమంతా దాన్ని వేలితో కూడా ముట్టలేదు. రెండు వారాలు పోయాయి.

మూడో వారం పోలమ్మ మళ్లీ గెడ్డకే వెళ్లింది. ఊడ్చింది, జల్లించింది, పోసింది. తవుడి పక్కన కూర్చుంది. కథ చెప్పలేదు. ఏమీ అడగలేదు. మొదటిరోజు తవుడు ఇసుకలో చెయ్యి పెట్టాడు. రెండో రోజు మూట విప్పాడు. తర్వాత రోజూ చాలు లాగాడు, గింజ తోశాడు, కప్పాడు, చెరిపాడు. ఆమె చూస్తూ కూర్చుంది.

వారంలో ఆఖరి రోజు వచ్చింది. ఆ పొద్దున్నే వాతల మనిషి నిప్పుల కుండతో గవరమ్మ ఇంట్లో దిగాడు.

బడిలో తవుడు చాలు లాగాడు. ఇవతల ఒక గింజ పెట్టాడు. రెండో గింజని ఈసారి తను పెట్టలేదు. పోలమ్మ చెయ్యి లాగి ఆ చేతిలో పెట్టాడు. ఆమె దాన్ని అవతలి గట్టు మీద నిలబెట్టి ఆగింది. తవుడు ఆమె చేతిని చాలులోకి తొయ్యబోయాడు. చెయ్యి కదల్లేదు.

“ఈ అమ్మ ఎందుకు దిగిందో మరి,” అంది ఆమె, గింజతో అన్నట్టు.

తవుడు ఇవతలి గింజ మీద వేలు పెట్టాడు. పెదవులు రెండుసార్లు కదిలాయి. మూడోసారి మాట వచ్చింది.

“ఈడు పిలిసేడు.”

పోలమ్మ గింజ మీంచి చెయ్యి తియ్యలేదు. “ఏటని పిలిసేడు?”

“అమ్మా, ఆకలేస్తంది, బేగి రాయే అని.”

అదీ సంగతి. పిలిస్తే వచ్చింది, వస్తే పోయింది. అందుకే పిల్లవాడు పిలుపు అనేదాన్నే లోపల పెట్టి తాళం వేసుకున్నాడు. నీ తప్పేం లేదు నాయనా అనే మాట పోలమ్మ గొంతు దాకా వచ్చిందట. దాన్ని మింగేసిందట. పెద్దవాళ్లు ఆ మాట చెబితే పిల్లలు తల ఊపుతారు గాని నమ్మరు.

ఆమె చాలు మొదట్లో ఇసుకతో ఒక గుట్ట చేసింది. మంచినీళ్ల ముంత తెచ్చి వాడి ముందు పెట్టింది.

“ఇది కొండ. వాన ఇక్కడ గదా పడేది,” అంది.

తవుడు ఇవతలి గింజ తరఫున అమ్మా అని పిలిచాడు, అవతలి గింజని చాలులోకి దింపాడు, గుట్ట మీద నీళ్లు పోశాడు. నీళ్లు చాలు పట్టుకుని దిగి గింజని కొట్టుకుపోయాయి. వాడు తడి ఇసుక తోసేసి ఇంకోసారి చాలు లాగాడు. ఈసారి ఇవతలి గింజ మీద బొటనవేలు అదిమాడు, నోరు మూసినట్టు.

“ఈడు పిలవలేదు. అమ్మ ఏటి సేస్తాది?” అంది పోలమ్మ.

తవుడు అవతలి గింజని చాలులోకి దింపాడు. “దిగుతాది. పొయ్యి ముట్టించాలి గదా,” అన్నాడు. నీళ్లు పోశాడు. గింజ పోయింది.

మూడోసారి ఇవతలి గింజని అసలు గట్టు మీదే ఉంచలేదు. దూరంగా తీసుకెళ్లి గుంజ దగ్గర పెట్టి వచ్చాడు.

“ఈడు ఇంటికాడ ఉన్నాడు. మరి అమ్మ?”

“దిగుతాది. మోపుతోటి అక్కడే ఉండిపోదు గదా.”

నీళ్లు వచ్చాయి. గింజ పోయింది.

తవుడు ముంత కింద పెట్టాడు. ఇసుకలో బోర్లా పడుకుని ఏడ్చాడు. తల్లి పోయాక వాడు ఏడవడం అదే మొదలు. పోలమ్మ ఊడవలేదు, జల్లించలేదు. వీపు మీద చెయ్యి వేసి కూర్చుంది. ఏడుపు తగ్గాక వాడు లేచి, ముక్కు తుడుచుకుని, కొట్టుకుపోయిన గింజని వెతికి తీసి గట్టు మీద పెట్టాడు. దాని చుట్టూ చిన్న గోడ కట్టడం మొదలెట్టాడు.

అప్పుడు వచ్చింది గవరమ్మ. వెనక నిప్పుల కుండతో వాతల మనిషి. ఆవిడ గడప దాటి లోపలికి అడుగు వేయబోయింది.

“నాయనమ్మా, తొక్కకు. అది గెడ్డ.”

గవరమ్మ ఎత్తిన కాలు ఎత్తినట్టే ఉండిపోయింది. గుంజ పట్టుకుని ఆ కాలు వెనక్కి పెట్టింది. వాతల మనిషి నిప్పు చల్లారిపోతోందని గుర్తు చేశాడు.

“పట్టుకెళ్లి చుట్ట ముట్టించుకో నాయనా,” అంది గవరమ్మ.

పంతులు వచ్చేసరికి బడి నేలంతా బురద. ఆయన బరికె పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. తవుడి మాటలు వినిపించాయి. లోపలికి రాకుండా బయట అరుగు మీద కూర్చున్నాడు. ఆ మర్నాటి నుంచి ఆయన బడికి ఆలస్యంగా రావడం మొదలెట్టాడు. ఎందుకని అడిగితే కాళ్ల నొప్పులనేవాడు.

అలా ఆ పొద్దు పోలమ్మది అయిపోయింది. ఇంట్లో దెబ్బలు తిని వచ్చి పక్కవాళ్లని గిల్లేవాడు ఒకడు వచ్చాడు. చెల్లెలు పుట్టాక మళ్లీ పక్క తడుపుతున్న పిల్ల ఒకతె వచ్చింది. అక్షరం చూస్తేనే కడుపునొప్పి వచ్చేవాడు ఒకడు వచ్చాడు. పోలమ్మ ఎవరినీ ఏమీ అడగలేదు. అందరూ బాగుపడ్డారని కూడా చెప్పలేం. కడుపునొప్పివాడికి నొప్పి ముసలితనం దాకా ఉందట. కాకపోతే బడికి మాత్రం మానకుండా వచ్చేవాడట.

ఒక వానాకాలం పోలమ్మకి జ్వరం వచ్చింది. మూడో రోజు పోయింది. ఊరు ఆమెని గెడ్డ గట్టునే పూడ్చింది. మర్నాడు పిల్లలు బడికి వచ్చారు. నేల ఊడ్చి లేదు, ఇసుక లేదు. వాళ్లు నిలబడి ఉండగా గంగాధరం పంతులు నెత్తిన తట్టతో వచ్చాడు. అలవాటు లేని మెడ, సగం ఇసుక దారిలోనే ఒలికిపోయింది. మిగిలినది పోసి బయటికి వెళ్లి కూర్చున్నాడు. పొద్దు తాడిచెట్టెత్తు ఎక్కేదాకా లోపలికి రాలేదు.

ఆ గెడ్డ పొడుగునా ఉన్న ఊళ్లలో ఇప్పటికీ బడి తెరిచాక మొదటి గంట పాఠం చెప్పరు. ఇసుకో, మట్టో, కర్రముక్కలో పిల్లల ముందు పోసి పక్కన ఒక పెద్దమనిషి కూర్చుంటారు. దాని పేరు పోలమ్మ పొద్దు. మాట పెగలని పిల్లవాణ్ణి అక్కడ మూగవాడనరు, మొండివాడనరు. “ఆడు ఇంకా పోలమ్మ పొద్దులో ఉన్నాడు, ఆగండి,” అంటారు.

ఆ వేళకి బడి ముందు నుంచి పెళ్లి ఊరేగింపు వెళ్లినా మేళం ఆపేస్తారు. డోలు మీద చెయ్యి వేసి, సన్నాయి కిందికి దించి, చప్పుడు లేకుండా నడుస్తారు. పల్లకీలో పెళ్లికొడుకు కూడా నోరెత్తడు. కొత్తవాళ్లెవరైనా ఇదేమిటని అడిగితే, లోపల పిల్లలు ఆడుకుంటున్నారని చెవిలో చెబుతారు.