మూడో ఆప్రాన్

ఇందుమతి పశువుల ఆసుపత్రిలో డాక్టర్ రత్నంగారి దగ్గర చేరి మూడు నెలలైంది. ఇంతవరకూ ఆయన ఆమె చేతికి కుట్లు వేసే సూది ఇవ్వలేదు. పట్టుకో, తుడువు, వెలుతురు ఇటు పట్టు. ఇంతే.

"ఇంకేం నేర్చుకోవాలి సార్ నేను?" అని ఆ పొద్దున అడిగేసింది. ఆయన సమాధానం చెప్పేలోపు ఆటో కింద పడ్డ కుక్కను తెచ్చారు. దాని వెనకే, ఎద్దు పొడిచి పొట్ట చీలిన మేక వచ్చింది.

రెండూ బతికాయి. ఒక్కో ఆపరేషన్ కాగానే ఇందుమతి మోచేతుల దాకా రుద్ది కడుక్కునేది, ఉతికిన ఆప్రాన్ తొడుక్కునేది. "పాపగారికి ఆప్రాన్లు ఉతకడానికే నన్ను ఉద్యోగంలో పెట్టుకున్నారు," అని కాంపౌండర్ మస్తాన్ నవ్వేవాడు. ఆమెకి శుభ్రం అంటే ప్రాణం. అది నేర్పిందీ రత్నంగారే.

మధ్యాహ్నం అంకమ్మ గేదెను ట్రాక్టర్లో తెచ్చింది. దూడ కడుపులో అడ్డం తిరిగింది. "నిరుడు దూడ చచ్చి పుట్టింది డాక్టరుగారూ. దూడ లేందే ఇది చేపదు, పాలు దిగవు. ఈసారన్నా దక్కించండి," అంది.

పొట్ట కోసి దూడను బయటికి తీశారు. పెయ్యదూడ, ప్రాణంతో ఉంది. రత్నంగారు సూది ఇందుమతి చేతికిచ్చి పక్కకు జరిగారు.

ఆమె గంటసేపు కుట్లు వేసింది. ఒక్కటీ వంకర పోలేదు. అయ్యాక లేచి, ఆ సంబరంలో దూడను తనే గోరువెచ్చని డెట్టాల్ నీళ్ళతో కడిగి, తువ్వాలుతో తళతళలాడేలా తుడిచింది. మూడో ఆప్రాన్ బక్కెట్లో పడేసి నాలుగోది తొడుక్కుంది.

అప్పుడు దూడను తల్లి ముందు పెట్టారు.

గేదె వాసన చూసింది. బుస్సుమని తలతో నెట్టేసింది. మళ్ళీ పెడితే మళ్ళీ నెట్టింది. దూడ కాళ్ళు తడబడి పక్కకి పడిపోయింది.

"దగ్గరికి రానియ్యట్లేదమ్మా," అంది అంకమ్మ. "ముర్రుపాలు పడకపోతే ఇది నిలవదు."

ఇందుమతికి ఒక్కసారిగా అర్థమైంది. దూడ ఒంటి మీద తల్లి వాసన అన్నది లేకుండా కడిగింది తనే.

రత్నంగారు వెళ్ళి బక్కెట్లోంచి మూడో ఆప్రాన్ తీశారు. ఇంకా నీళ్ళు పొయ్యలేదు. ఉమ్మనీటితో తడిసి బరువుగా ఉంది. దాన్ని దూడ మీద కప్పి, వీపూ మెడా చెవులూ మెల్లగా రుద్దారు. తర్వాత దూడను గేదె మూతి దగ్గరికి జరిపారు.

గేదె ఆప్రాన్‌ను వాసన చూసింది. చాలాసేపు చూసింది. నాలుక చాచి ఒకసారి నాకింది. తర్వాత ఆప్రాన్‌ను మూతితో పక్కకి తోసి, కింద ఉన్న దూడను నాకడం మొదలుపెట్టింది.

కొంతసేపటికి అంకమ్మ దూడ మూతిని పొదుగుకి అందించింది. గేదె చేపింది. పాలు దూడ మూతి పక్కనుంచి కారుతున్నాయి. అంకమ్మ నవ్వుతోంది, ఏడుస్తోంది. ఏది ఎక్కువో చెప్పలేం.

"సార్, నేను..." అంది ఇందుమతి.

"కుట్లు బాగున్నాయి," అన్నారు రత్నంగారు.

ఆమె గేదె తల పక్కన నేల మీద కూర్చుంది. గేదె దూడను నాకుతూ నాకుతూ, అడ్డం వచ్చిన ఆమె చేతిని కూడా మణికట్టు నుంచి మోచేతి దాకా నాకేసింది. గరుకుగా, వెచ్చగా ఉంది.

మస్తాన్ టీలు తెచ్చి పెట్టాడు.

"చల్లారిపోతుంది," అన్నారు రత్నంగారు. "చేతులు కడుక్కుని రామ్మా."

ఇందుమతి చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

"కాసేపాగి కడుక్కుంటాను సార్," అంది.