అలుగు పెంకులమ్మ, కొండ మీది సాయం

అనగనగా ఒక ఎర్రమట్టి అడవి. ఆ అడవిని రెండుగా చీలుస్తూ ఒక వాగు పారేది. వాగుకు ఇవతలి ఒడ్డున ఒక అలుగు ఉండేది.

అలుగును మీలో చాలామంది చూసి ఉండరు. ముక్కు నుంచి తోక దాకా దాని ఒళ్ళంతా పొలుసులే, ఇంటి కప్పు మీద పెంకులు పరిచినట్టు. అందుకే అడవిలో అందరూ దాన్ని పెంకులమ్మ అని పిలిచేవాళ్ళు. భయం వేస్తే అలుగు ముద్దలా చుట్టుకుపోతుంది. మన పెంకులమ్మ అయితే ఏం చెయ్యాలో తోచకపోయినా చుట్టుకుపోయేది.

పెంకులమ్మ పని బొరియలు తవ్వడం. తన కోసం కాదు, అడిగిన అందరి కోసం. ఉడుముకైతే ఎండ తగిలే రాతి పక్కన తవ్వేది. ముళ్ళపందికైతే ముళ్ళు విప్పినా గీసుకోకుండా వెడల్పుగా తవ్వేది. కుందేలుకైతే ఇరుకు మూతి పెట్టి, పారిపోవడానికి వెనకాల ఇంకో దారి తీసేది. అందుకు బదులుగా వాళ్ళు తమకు కనబడ్డ చీమల పుట్టల దగ్గరికి దాన్ని తీసుకెళ్ళేవాళ్ళు. అది కడుపునిండా తిని వచ్చేది.

చాలాకాలం అలాగే హాయిగా గడిచింది. ఏడాదికి ముగ్గురో నలుగురో వచ్చేవాళ్ళు. ఒకరి పని అయ్యాకే ఇంకొకరు వచ్చేవాళ్ళు.

ఆ ఏడు మాత్రం వానలు ముందే వస్తాయని అడవంతా చెప్పుకున్నారు. అందరికీ ఒక్కసారే బొరియలు కావలసి వచ్చాయి.

అప్పుడు పెంకులమ్మ దూదమ్మ అనే కుందేలుకు బొరియ తవ్వుతోంది. దూదమ్మ నిండు చూలాలు. ఇవాళో రేపో పిల్లలు పుట్టేలా ఉంది.

"పెంకులమ్మా, మూతి ఇరుగ్గా పెట్టు తల్లీ. అడవిపిల్లి తల పట్టకూడదు" అని అది మరీ మరీ చెప్పింది.

"నాకు తెలీదా దూదమ్మా! నువ్వు నిశ్చింతగా ఉండు" అంది పెంకులమ్మ.

అది లోపలికి దూరి మూరెడు తవ్విందో లేదో, బయట ముంగిస పిలిచింది.

"పెంకులక్కా! నా బొరియ ఎప్పుడు మొదలు పెడతావు?"

సొరంగంలో వెనక్కి తిరగడానికి చోటుండదు కదా! పెంకులమ్మ వెనక్కి పాక్కుంటూ బయటికొచ్చి, ఒళ్ళు దులుపుకుని జవాబు చెప్పి, మళ్ళీ లోపలికి వెళ్ళింది. ఈలోగా మట్టి జారి దారి పూడిపోయింది. దాన్ని ఎత్తిపోస్తుంటే నక్క పిలిచింది.

"పెంకులమ్మా! వాగు ఒడ్డున మట్టి మంచిదా, గుట్ట మీద మంచిదా?"

మళ్ళీ వెనక్కి. మళ్ళీ జవాబు. మళ్ళీ లోపలికి. ఈసారి ముళ్ళపంది వచ్చింది. మూతి ఎంత వెడల్పు ఉండాలో చెబుతూ ఎంతసేపో నిలబెట్టేసింది.

లోపలికి వెళ్ళాక పెంకులమ్మకు తల తిరిగినట్టయింది. "నేను ఎడమకు తవ్వుతున్నానా, కుడికా? వెడల్పు ఎవరికి? ఇరుకు ఎవరికి?"

ఏమీ తోచక అక్కడే ముద్దలా చుట్టుకుపోయింది.

ఇదంతా చూసి అడవికోడి అంది, "వదినా, నువ్వు తిండి తిని రెండు రోజులైంది. ఇవాళే ఒకరిని సాయంగా పెట్టుకో."

తాబేలు తాత తల బయటికి చాపి అన్నాడు, "తొందరపడకమ్మా. ఈ హడావుడంతా వానల దాకానే. తర్వాత ఎవరూ రారు. అప్పుడు ఆ సాయానికి ఏం పని చెబుతావు?"

అడవిపంది మామ గట్టిగా నవ్వాడు. "సాయమెందుకు? ఇంకొంచెం జోరుగా తవ్వితే సరి!"

ముగ్గురి మాటా నిజమేననిపించింది పెంకులమ్మకు. అదే దాని బాధ. ఒక్కరి మాటే నిజమనిపించి ఉంటే దాన్నే పట్టుకునేది. "నాది నాలుగు కాళ్ళతో తవ్వుకునే చిన్న పని. సాయం పెట్టుకునేంత గొప్పదాన్నా? పెట్టుకోకపోతే ఎలా? పెట్టుకుంటే ఎవరిని?" అని రోజంతా తనలో తనే గొణుక్కుంది. ఏదీ తేల్చుకోలేదు. ఆ గొణుగుడులోనే దూదమ్మ బొరియ ముగించింది.

మూడో రోజు ఉదయం అడవికోడి రొప్పుతూ పరుగెత్తుకొచ్చింది.

"వదినా, ఘోరం జరిగింది! అడవిపిల్లి దూదమ్మ బొరియలో తల పెట్టింది!"

పెంకులమ్మ పరుగు పరుగున వెళ్ళింది. దూదమ్మ ఒక పొదలో వణుకుతూ కూర్చుంది. దాని పొట్ట కింద మూడు పసికూనలు. ఒక కూనకు చెవి చీలి రక్తం కారుతోంది.

"మూతి వెడల్పుగా ఉంది పెంకులమ్మా" అంది దూదమ్మ మెల్లగా. "వెనక దారి చివర బెత్తెడు మట్టి అలాగే వదిలేశావు. నేను కాళ్ళతో తన్ని తన్ని దారి చేసుకున్నాను. ఇంకాస్త ఆలస్యమైతే..."

పెంకులమ్మ ఆ కూన చెవి వంక చూస్తూ ఉండిపోయింది. అది ముళ్ళపందికి పెట్టాల్సిన మూతి. ముళ్ళపంది మాటలు చెవిలో పెట్టుకుని కుందేలుకు తవ్వేసింది.

"తప్పు నాదే దూదమ్మా" అని మాత్రం అనగలిగింది.

అప్పటికప్పుడు వాగు దగ్గరికి వెళ్ళింది. అవతల కొండ మీద ఇప్పచెట్టు మీద సంపెంగి అనే గోరింక ఉండేది. ఇవతలి వాళ్ళెవరూ దాన్ని దగ్గరగా చూడలేదు. గొంతు మాత్రం అందరికీ తెలుసు. అక్కడి నుంచి పలికితే వాగు ఇవతల దాకా ఖంగున వినిపించేది.

"సంపెంగీ! నా పనికి సాయం చేస్తావా?" అని పెంకులమ్మ కేక వేసింది.

"చేస్తాను. కానీ గూట్లో గుడ్లున్నాయి, దిగి రాలేను. ఇక్కడి నుంచే చేస్తాను. తవ్వేటప్పుడు దొరికే పురుగుల్ని వాగు గట్టు మీద వదిలిపెట్టు. మా ఆయన వచ్చి ఏరుకుపోతాడు. ఇంతకీ నేనేం చెయ్యాలి?"

"అంతా నువ్వే చూసుకో!"

"అంతా అంటే?"

"అంతా అంటే అంతా! నాకు తీరిక లేదు" అని పెంకులమ్మ వెళ్ళిపోయింది. మనసు తేలికపడింది. అది ఒక్కరోజు ముచ్చటే అయింది.

మర్నాడు పొద్దున బయటికొచ్చేసరికి నక్క, ముంగిస, ఉడుము ముగ్గురూ గుమ్మంలో పోట్లాడుకుంటున్నారు. ముగ్గురికీ సంపెంగి "రేపు రండి" అని చెప్పిందట. ముళ్ళపంది బొరియ ఒక్క పూటలో అయిపోతుందని కూడా చెప్పిందట. వాళ్ళను విడదీసి, సర్దిచెప్పి పంపేసరికి మధ్యాహ్నమైంది. ఒక్క పిడికెడు మట్టి కూడా తవ్వలేదు.

పెంకులమ్మకు కోపం ముంచుకొచ్చింది. వాగు దగ్గరికి వెళ్ళి అరిచింది.

"నీ మొహమైనా చూడకుండా నిన్ను నమ్మడం నాదే పొరపాటు!"

కొండ మీది గొంతు నిదానంగా అంది, "నా మొహం చూస్తే పని తెలుస్తుందా పెంకులమ్మా? ఏం చెయ్యాలని అడిగాను. 'అంతా' అన్నావు. బొరియకు ఎన్ని రోజులు పడుతుందో నాకెలా తెలుస్తుంది? నేనెప్పుడైనా మట్టి తవ్వానా?"

"చెప్పే తీరిక నాకుంటే నీ సాయం ఎందుకు?"

"మరి ఇవాళ ముగ్గురిని విడదీయడానికి తీరిక ఎక్కడిది?"

పెంకులమ్మ అక్కడే గట్టు మీద చుట్టుకుపోయింది. సాయం లేకపోతే తప్పు జరిగింది. సాయం పెట్టుకుంటే గొడవ జరిగింది. ఇక మిగిలిందేమిటి?

చాలాసేపటికి తల బయట పెట్టింది. "సరే, ముందు నా రోజు ఎటు పోతోందో నేనే చూసుకుంటాను" అనుకుంది.

మర్నాడు ఎవరైనా పిలిచి బయటికి వచ్చిన ప్రతిసారీ గుమ్మంలో ఒక ఎండుటాకు పెట్టింది. బొరియను, మట్టిని తను స్వయంగా చూసి జవాబు చెప్పాల్సి వస్తే, ఆకు బదులు ఒక రాయి పెట్టింది. సాయంత్రానికి చూస్తే తొమ్మిది ఆకులు, రెండు రాళ్ళు. తవ్వింది మాత్రం జానెడు.

పెంకులమ్మ ఆ ఆకుల వంక తేరిపార చూసింది. "ఎప్పుడు మొదలు పెడతావు", "నా వంతు ఎప్పుడు", "నా సంగతి మరిచిపోలేదుగా". అన్నీ అవే. వాటికి నోరుంటే చాలు, గోళ్ళు అక్కర్లేదు. ఆ రెండు రాళ్ళకే తన గోళ్ళు కావాలి.

వాగు దగ్గరికి వెళ్ళింది. ఈసారి అరవలేదు. కూర్చుని మాట్లాడింది.

"సంపెంగీ, నిన్న నోరు జారాను. మనసులో పెట్టుకోకు. నీకు మూడు పనులు చెబుతాను, వింటావా?"

"నిదానంగా చెప్పు. అర్థం కాకపోతే నేను తిరిగి అడుగుతాను."

"ఎవరొచ్చినా పేరు, ఒంటి వెడల్పు, పిల్లలున్నారా అన్నది అడుగు. అవన్నీ సాయంత్రం నాకు చెప్పు. ఇది మొదటిది. వాళ్ళ వంతు ఎప్పుడన్నది నేను చెప్పాకే వాళ్ళకు చెప్పు, ముందే మాట ఇవ్వొద్దు. ఇది రెండోది. మూడోది, నేను లోపల ఉన్నంతసేపు ఎవరినీ గుమ్మం దగ్గరికి రానివ్వకు. ప్రాణం మీదికొస్తేనే నన్ను పిలువు."

"మట్టి నిలుస్తుందా లేదా అని అడిగితే?"

"అది మాత్రం నువ్వు చెప్పకు. పెంకులమ్మ వచ్చి చూసి చెబుతుందను."

"ఇప్పుడు అర్థమైంది" అంది సంపెంగి. "మొన్ననే ఇలా చెప్పి ఉంటే బాగుండేది."

"మొన్న నాకే తెలీదు కదా!"

మర్నాడు పెంకులమ్మ మొదట దూదమ్మ బొరియ బాగు చెయ్యడానికే వెళ్ళింది. దూదమ్మ నమ్మలేకపోయింది.

"ఈసారి ఎవరూ పిలవరుగా?"

"పిలవరు."

నిజంగానే ఎవరూ పిలవలేదు. అడవిపంది మామ గుర్రుమంటూ వచ్చాడు గానీ, కొండ మీది గొంతు అడ్డుకుంది. "మామా, అక్కడే ఆగు! పెంకులమ్మ లోపలుంది. నీ ఒంటి వెడల్పు చెప్పు" అంది. పంది మామ ఆకాశం వంక, చెట్ల వంక అయోమయంగా చూసి, వెడల్పు చెప్పి వెళ్ళిపోయాడు.

పెంకులమ్మకే ఆ నిశ్శబ్దం అలవాటు కాలేదు. రెండుసార్లు తనంతట తనే వెనక్కి పాక్కుంటూ వచ్చి, "ఎవరైనా పిలిచారా?" అని అడిగింది.

"ఎవరూ పిలవలేదు. పోయి తవ్వుకో!" అంది సంపెంగి.

సాయంత్రానికి మూతి ఇరుగ్గా కుదిరింది. వెనక దారి చివరి దాకా తెరుచుకుంది. దూదమ్మ పిల్లలను ఒక్కొక్కటిగా లోపలికి చేర్చుకుంది. కృతజ్ఞతలు చెప్పలేదు. పెంకులమ్మ కూడా ఎదురుచూడలేదు.

పది రోజుల్లో ఎనిమిది బొరియలయ్యాయి. నక్కకు మాత్రం వానల లోపు కుదరదని సంపెంగి ముందే చెప్పేసింది. నక్క విసుక్కుంటూనే రాళ్ళ సందున చోటు వెతుక్కుంది.

చివరిది ముళ్ళపంది బొరియ. వాగు గట్టున కావాలంటే, పెంకులమ్మ మట్టి చూసి సరేనంది. ఆ రోజు ఎండ కాస్తోంది. పెంకులమ్మ లోతుగా దిగి తవ్వుతోంది.

కొండ మీద సంపెంగికి దూరంగా వాగు పై భాగంలో ఒక ఎర్రటి గీత కనబడింది. అక్కడెక్కడో వాన పడినట్టుంది. నీళ్ళు దిగివస్తున్నాయి. "ఇది ప్రాణం మీదికొచ్చినట్టేనా? ఊరికే పిలిస్తే కోప్పడుతుందేమో. పిలవకపోతే?" సంపెంగికీ ఒక్క క్షణం తోచలేదు. మరుక్షణం గొంతు చించుకుని అరిచింది.

"పెంకులమ్మా! వరద! బయటికి రా!"

అంత లోతున మట్టి లోపల ఉన్నవాళ్ళకు ఆ కేక ఎలా వినబడుతుంది?

విన్నది దూదమ్మ. గుట్ట మీద పిల్లల పక్కన కూర్చుని ఉంది. పిల్లల వంక చూసింది, వాగు వంక చూసింది. ఒక్క దూకు దూకి గట్టు దగ్గరికి వచ్చి, వెనక కాళ్ళతో నేల మీద దభీదభీమని బాదింది. ఆ అదురు మట్టిలోకి దిగింది. పెంకులమ్మ ఒంటి పొలుసులన్నీ అదిరాయి. అది వెనక్కి పాక్కుంటూ, పాక్కుంటూ, బయటపడింది. ఇద్దరూ గుట్ట ఎక్కేసరికి ఎర్రనీళ్ళు బొరియ మూతిని ముంచేశాయి. గట్టు విరిగి వాగులో కూలింది.

దూదమ్మ పెంకులమ్మ ముక్కు మీది మట్టిని నాలుకతో శుభ్రం చేసింది.

అవతలి నుంచి సంపెంగి ఆత్రంగా అడిగింది, "పెంకులమ్మా! ఉన్నావా?"

"ఉన్నాను సంపెంగీ!"

"హమ్మయ్య. ముళ్ళపందికి ఏం చెప్పమంటావు?"

"బొరియ పోయిందని ఉన్నదున్నట్టు చెప్పు. కొత్తది ఎక్కడన్నది మాత్రం నువ్వు చెప్పకు. ఆ గట్టు మంచిదని మొదట అనుకున్నది నేనే. వరద తీశాక నేనే వెళ్ళి చూసి చెబుతాను."

నీతి: ఇతరులు చేయగల పనులు మీ చేతి పనిని పాడు చేయడం మొదలుపెట్టిన రోజే సాయం పెట్టుకోవాలి. పెట్టుకునే ముందు ఏ పని వాళ్ళది, ఏ పని మీది అన్నది తేల్చి చెప్పాలి.