పుల్లమ్మ కిడ్నీ, నక్క మావయ్య మొక్కు

ఫాల్గుణ శుద్ధ పంచమి, గురువారం, పొద్దున ఏడుంబావు. కొండ కింద కొట్టంలో ఇంకా గడ్డి పంచలేదు. నక్క మావయ్య నున్నగా దువ్విన తోకతో బండి కాడి మీదకెక్కి, కొండమీద స్వామి వైపు దండం పెట్టి, అందరికీ వినపడేలా చెప్పాడు.

"నిన్న స్వామికి మొక్కేశాను. మన పుల్లమ్మ తన రెండు కిడ్నీల్లో ఒకటి వాళ్ళన్న మైలన్నకి ఇస్తుంది. ఉగాది దాటకుండా ఇస్తుంది. మొక్కిన మొక్కు, ఇక తిరుగులేదు."

గిన్నికోడి కళ్ళొత్తుకుంది. గొర్రె అత్తయ్య, నీది ఎంత పెద్ద మనసు మావయ్యా, అంది. మనసు ఎవరిది, కిడ్నీ ఎవరిది అన్నది ఆ క్షణాన ఎవరికీ తోచలేదు. పుల్లావు పుల్లమ్మ మాత్రం నెమరేయడం ఆపి మావయ్య వైపు చూసింది. అంతకుముందు ఆవిడతో ఎవరూ ఒక్కమాట అనలేదు మరి.

మైలన్న బండి ఎద్దు. ఆ కొట్టానికి గింజా గడ్డీ లాక్కొచ్చింది ఆయన మెడే. పోయిన కార్తీకంలో కాళ్ళు వాచాయి. తాబేలు డాక్టరమ్మ చూసి, రెండు కిడ్నీలూ పని మానేశాయంది. అప్పట్నుంచి వారానికి మూడు రోజులు వాగు అవతల ఆస్పత్రికెళ్ళి రక్తం కడిగించుకుని, వచ్చి గోడవైపు తిరిగి పడుకుంటున్నాడు. ఇంట్లోవాళ్ళెవరైనా ఒక కిడ్నీ ఇస్తే మళ్ళీ లేచి తిరగొచ్చని డాక్టరమ్మ అన్నది. తోడబుట్టింది పుల్లమ్మ ఒక్కతే. ఆ మాట విన్న దగ్గర్నుంచి మైలన్న చెల్లెలి మొహం చూడటం మానేశాడు. చూస్తే అడిగినట్టవుతుందని.

ఇక నక్క మావయ్య. ఏ యేడో వానకి తడిసొచ్చి, తెరిపివ్వగానే వెళ్తానని ఉండిపోయిన చుట్టం. మైలన్న బండెక్కి చెరకు తోటదాకా వెళ్ళిరావడం ఆయన అలవాటు. బండి ఆగి నాలుగు నెలలైంది, చెరకు ముక్క నోట పడలేదు. అలాగని మైలన్న మీద ప్రేమ లేదనలేం. ఉంది. కాకపోతే అది ఇంకొకరి ఒంటితో చేసే ప్రేమ. పిల్లల తలనీలాలు ఇస్తామని పెద్దలు మొక్కుకోవడం ఎప్పటినుంచో ఉన్నదే. మావయ్య ఆ మొక్కునే తల దగ్గర్నుంచి నడుం దాకా లాక్కొచ్చాడు.

ఆ పూటంతా పుల్లమ్మకి సలహాలే. రెండున్నాయిగా, ఒకటిస్తే ఏం పోయింది, అని గిన్నికోడి. ఏటా ఒళ్ళంతా కత్తిరించి ఇస్తున్నాను, నేనేమన్నా పోయానా, అని గొర్రె అత్తయ్య. ఉన్ని మళ్ళీ మొలుస్తుంది కదత్తయ్యా అనబోయి పుల్లమ్మ ఊరుకుంది. ఆవిడకి ఐదు నెలల దూడ. ఇవ్వనంటే అన్న దక్కడేమో. ఇస్తే తనకేమైనా అయితే దూడని ఎవరు చూస్తారు. అసలు తనకి ఇవ్వాలని ఉందో లేదో చూసుకుందామన్నా, ఇన్ని మాటల మధ్య తన మనసు తనకే వినపడటం లేదు.

మధ్యాహ్నం ఆస్పత్రికి బయల్దేరితే మావయ్య కూడా వెంటపడ్డాడు. పెద్దవాణ్ణి, లోపల నేనుండాలి అన్నాడు. బయట తుమ్మచెట్టు కింద నీడ బావుంటుంది, వెళ్ళి కూర్చోండి, అని డాక్టరమ్మ తలుపేసింది.

"ఇవ్వాలనుందా పుల్లమ్మా?"

"మావయ్య మొక్కేశాడు డాక్టరమ్మా."

"మొక్కు సంగతి స్వామి చూసుకుంటాడు. నేనడుగుతున్నది నిన్ను."

"తెలీడం లేదు."

"అదీ జవాబే," అంది డాక్టరమ్మ.

తర్వాత ఒక్కొక్కటే విడమరిచి చెప్పింది. ఒక్క కిడ్నీతో ఇంచుమించు అందరూ మామూలుగానే బతుకుతారు. కానీ కోత కోతే, ముప్పు చిన్నదే తప్ప లేదనడానికి లేదు. నీది ఆయనకి సరిపడుతుందో లేదో, నీ ఒళ్ళు తట్టుకుంటుందో లేదో చూడ్డానికి నెలలు పడుతుంది. దూడ పాలు మానేదాకా ఎలాగూ ఆగాలి. నువ్వివ్వకపోతే మైలన్న రేపే పోడు, రక్తం కడగడం సాగుతుంది. పోయినవాళ్ళ కిడ్నీ ఎప్పటికైనా దొరకొచ్చు, దొరక్కపోనూవచ్చు.

"ఇష్టం లేకపోతే నాతో చెప్పు. నేను బయటికొచ్చి కుదరదని మాత్రం అంటాను. ఎందుకు కుదరదో ఎవరికీ చెప్పను, మైలన్నకి కూడా. ఆఖరి నిమిషం దాకా నువ్వు వద్దనొచ్చు."

"ఎన్నాళ్ళు ఆలోచించుకోవచ్చు డాక్టరమ్మా?"

"ఆ గుమ్మం నుంచి ఈ బల్ల దాకా రావడానికి నాకు ముప్పావుగంట పట్టింది. మనకేం తొందర లేదు."

పుల్లమ్మ నవ్వింది. ఆ రోజు మొత్తంలో అదే మొదటి నవ్వు. తిరిగొస్తూ వాగు దగ్గర ఒక్క నిమిషం ఆగి, కొండవైపు చూసి ఏదో అనుకుంది.

దీపాలు పెట్టేవేళకి మావయ్య మళ్ళీ మొదలుపెట్టాడు. రోజు ఎప్పుడు ఖాయం చేద్దామన్నాడు. మొక్కు తప్పితే ఇంటిల్లిపాదికీ కళ్ళు పోతాయన్నాడు. పుల్లమ్మ దూడని నాకడం ఆపి, మెల్లగా అంది.

"నేనూ మొక్కాను మావయ్యా."

"బంగారుతల్లివి. ఏమని మొక్కావు?"

"అన్న లేచి తిరిగిన రోజున మా నక్క మావయ్య కొండ మెట్ల దగ్గర తోక నున్నగా గీయించుకుని, ఆ వెంట్రుకలు స్వామికి సమర్పిస్తాడని."

గొర్రె అత్తయ్య మొహం విప్పారింది. వెంట్రుకలేగా, మళ్ళీ మొలుస్తాయి, అంది. గిన్నికోడి ఇంకాస్త ముందుకెళ్ళి, గీయడానికి వాగులో ఎండ్రకాయకి ఇప్పుడే కబురు పెడతానంది.

"నా తోక మీద నువ్వెలా మొక్కుతావు?" అన్నాడు మావయ్య.

"ఏం, మొక్కకూడదా?"

"నా తోక కదా. నన్నో మాట అడగద్దూ..."

ఆ మాట నోట్లోంచి సగం వచ్చి అక్కడే ఆగిపోయింది. అందరూ ఆయనకేసి చూస్తున్నారు. గోడవైపు తిరిగి పడుకున్న మైలన్న వీపు కదిలింది. పాపం ఏడుస్తున్నాడనుకున్నారు. నవ్వుతున్నాడు.

మావయ్య తోకని ముందుకు తెచ్చుకుని ఒళ్ళో పెట్టుకున్నాడు. ఇంకొకరి ఒంటిమీద మొక్కితే స్వామి లెక్కలోకి తీసుకోడు, ఏది ఎవరిదో ఆయనకి తెలీదా, అని గొణిగాడు.

"ఆ మాట కాడి మీదకెక్కి చెప్పు మావయ్యా," అంది పుల్లమ్మ. "పొద్దున అక్కణ్ణించే కదా చెప్పావు."

ఎక్కాడు. చెప్పాడు. గిన్నికోడి తనకి వినపళ్ళేదంటే రెండోసారి కూడా చెప్పాడు.

అప్పుడు పుల్లమ్మ అన్న దగ్గరికెళ్ళి కూర్చుంది. ఆయన గోడకేసి చూస్తూనే అన్నాడు. "నువ్వివ్వకపోయినా నువ్వు నా చెల్లెలివే అమ్మాయ్. ఈ మాట పొద్దున్నే అనాల్సింది. ఆశ అడ్డొచ్చింది."

"ఇప్పుడెవరూ నన్ను ఇవ్వమనడం లేదన్నయ్యా. అందుకని నా మాట నాకు వినపడుతోంది. పరీక్షలు చేయించుకుంటాను. అన్నీ సరిపడితే, దూడ పాలు మానాక ఇస్తాను. మధ్యలో భయమేస్తే మానేస్తాను. మానేసినా సరే, నువ్వు గోడవైపు తిరగకూడదు."

మైలన్న ఇటు తిరిగాడు.

పరీక్షలు ఎన్నాళ్ళు సాగాయో చెబితే పెద్ద కథ. ఆపరేషన్ దసరా దాటాక జరిగింది, అన్నాచెల్లెళ్ళు ఇప్పటికీ కలిసే మేతకెళ్తున్నారు. కానీ మా ఇళ్ళల్లో ఈ కథ ఎప్పుడు చెప్పుకున్నా ఆ మర్నాటి పొద్దున దగ్గరే ఆపుతాం.

మర్నాడు శుక్రవారం. గొర్రె అత్తయ్య స్వామికి దీపం పెట్టి, ఏమీ మొక్కకుండా, ఒట్టి దండం పెట్టుకుంది. గిన్నికోడి వాకిలంతా కాళ్ళతోనే శుభ్రం చేసింది. అన్నాచెల్లెళ్ళిద్దరూ ఆస్పత్రికి బయల్దేరి వాగు దారి పట్టారు. నక్క మావయ్య దూడ దాకా వచ్చి, దాన్ని ముట్టుకోకుండా ఆగి, పుల్లమ్మ వెనక్కి తిరిగేదాకా చూశాడు.

"అమ్మాయ్, నువ్వొచ్చేదాకా దూడని చూసుకోనా? అడిగే చేస్తున్నాను."

"చూసుకో మావయ్యా," అంది పుల్లమ్మ.

చూసుకున్నాడు, ఒక చేత్తో తోక పట్టుకునే.

నీతి: ఇచ్చేది ఎవరి ఒంట్లోదో, సరే అనాల్సిన నోరూ వాళ్ళదే.