బండెక్కితేనే జ్వరం

కొండమీద గుమ్మలగూడలో పాతిక ఇళ్లు, పదకొండు జ్వరాలు. ఆరోగ్య కార్యకర్త చిలకమ్మ ఇంటింటికీ తిరిగి అన్నీ ఫోన్లో ఎక్కించింది. అవి ఆఫీసుకి చేరాలంటే సిగ్నల్ కావాలి; ఆ ఊళ్లో అది అందేది ఏనుగుబండ మీదే. వారం రోజుల వానకి బండ పాచిపట్టి కాలు నిలవడం లేదు. పోనీ కిందికి దిగి పంపుదామంటే, అది మీ ఊరు కాదని ఫోను ఒప్పుకోదు. అందుకని పేర్లన్నీ పుస్తకంలో రాసి పట్నం ఆఫీసుకి పట్టుకెళ్లింది.

అధికారి విశ్వేశం పుస్తకం వంక చూడలేదు.

"ఫోన్లో రానిది జ్వరమే కాదు. నేనే వచ్చి తేలుస్తాను" అన్నాడు.

అన్నట్టే మందుల పెట్టె మోయించుకుని వానలో కొండెక్కాడు. ఫోన్లో చేరినవాళ్లకే పెట్టె తెరవాలని చెప్పి, దాన్ని చిలకమ్మ చేతికిచ్చాడు. ఆ పూటే వాగు పొంగి దారి మూసుకుపోయింది. రెండోనాటికి ఆయన దుప్పట్లో వణుకుతున్నాడు.

"ఒక మాత్ర ఇవ్వమ్మా" అన్నాడు.

చిలకమ్మ జ్వరం చూసింది. నూటరెండు. ఫోన్లో ఎక్కించి కాసేపు ఎదురుచూసింది.

"ఇక్కడ మీకు జ్వరం లేదు బాబూ. ఆ బండెక్కితే వస్తుంది."

విశ్వేశం కిటికీలోంచి బండని చూశాడు. దానిమీంచి నీళ్లు జారుతున్నాయి.

"ఆ పుస్తకం తియ్యి" అన్నాడు నీరసంగా.

చిలకమ్మ పుస్తకం తెరిచి ఆయన పేరు రాసింది. తర్వాత పెట్టె చంకనెత్తుకుని గుమ్మం దాటింది.

"మీది పన్నెండో పేరు బాబూ. మొదటి ఇంటినుంచి ఇచ్చుకుంటూ వస్తాను."