తెల్లగుట్ట పెళ్లి

రాళ్లింకా గట్టిపడని కాలపు మాట ఇది. మీరు ఊ కొడుతూ ఉండండి, నేను చెబుతాను.

ఒక ఊరి పక్కన సుద్దగుట్ట ఉండేది. మీగడలా తెల్లగా ఉంటుందని తెల్లగుట్ట అనేవాళ్లు. గుట్ట తాగిన వాననీళ్లే కింద ఒక ఊటగా ఊరేవి. ఊరంతా ఆ నీళ్లే తాగేది. ఆ ఊళ్లో బుడ్డక్క అని ఒక మంత్రసాని. మనిషి పొట్టి, చేయి చల్లన. పుట్టిన ప్రతి బిడ్డకూ ఆ ఊటనీళ్లతో తొలిస్నానం చేయించేది ఆమే.

గోడలకు పూసుకోను సుద్ద కావాలని పొరుగూళ్లవాళ్లు వచ్చారు. ఊరిపెద్ద చెంగల్నాయుడికి ఆశ పుట్టింది. నిరుడు తవ్వినదానికి ఈ యేడు రెట్టింపు తవ్వాలన్నాడు. పైయేడు దానికి రెట్టింపు. ఏటికేడు రెట్టింపు. ఊరు మురిసిపోయింది. పూరిళ్లు పెంకుటిళ్లయ్యాయి. ఎద్దుల కొమ్ములకు ఇత్తడి తొడుగులు వచ్చాయి.

ఒకనాడు బుడ్డక్క ఊటలో కడవ ముంచితే సగమే మునిగింది. నేరుగా నాయుడి అరుగు దగ్గరికి పోయింది.

"ఏటికేడు రెట్టింపు తవ్వుతున్నావు, సరే నాయనా. మరి గుట్ట ఏటికెంత పెరుగుతాది?"

అరుగు మీదివాళ్లంతా నవ్వారు. నాయుడు నవ్వలేదు. నిజమే, గుట్టను కూడా పెంచాలి అనుకున్నాడు.

మొదట నీళ్లు పోయించాడు. గుట్ట పెరగలేదు, ఓ పక్క జారి గొర్రెల దొడ్లో పడింది. తర్వాత ఎరువు తోలించాడు. గుమ్మడితీగ పాకి కాయలు కాసింది గానీ గుట్ట కాయలేదు. మూడోసారి బాగా ఆలోచించి, ఎదురుగా ఉన్న నల్లకొండకిచ్చి పెళ్లి చేశాడు. పెళ్లయితే పిల్లగుట్టలు పుడతాయి కదా. ఊరు ఆడపెళ్లివారు, మగపెళ్లివారు అని రెండుగా చీలింది. పప్పులో నెయ్యి తక్కువైందని మగపెళ్లివారు అలిగారు కూడా. పెళ్లి ఖర్చుకని గుట్టను ఇంకాస్త తవ్వారు.

ఊటలో ఇక చెంబు ముంచడమే కష్టమైంది. అయినా మిగిలిన గుట్ట మీదికి గడ్డపారలతో బయల్దేరారు. పోయేసరికి బుడ్డక్క అడ్డంగా కూర్చుని ఉంది. వంగి సుద్దకు చెవి ఆనించింది. చాలాసేపు విన్నది.

"పెళ్లికూతురికి నెల తప్పింది," అంది.

ఎత్తిన గడ్డపారలు దిగిపోయాయి. కడుపుతో ఉన్నదాన్ని పొడిచిన పాపం ఎవడు మూటగట్టుకుంటాడు? పెళ్లి ఉత్తదని నాయుడు అనలేడు, చేసింది తానే. కాన్పు ఎప్పుడని అడిగాడు. గుట్టల నెలలు మన నెలలు కావంది. అందాకా ఊరు ఏం చెయ్యాలన్నాడు. వానకు దానంతటది రాలింది ఏరుకోమంది.

వానలు వచ్చాయి, పోయాయి, మళ్లీ వచ్చాయి. ఊట మెల్లగా ఊరింది. బుడ్డక్క ముసలిదై మంచాన పడింది. అప్పటికి నాయుడికీ పళ్లు ఊడాయి. కర్ర పొడుచుకుంటూ వచ్చి, ఆమె చెవి దగ్గర వంగి, ఇప్పుడైనా నిజం చెప్పమన్నాడు. అది కంటుందా, కనదా?

"తొలిచూలు కదా నాయనా," అంది బుడ్డక్క. "ఆలస్యమవుతాది. తొందరపెట్టొద్దు."

ఆ మాటతోనే కన్ను మూసింది.

ఇప్పటికీ ఆ ఊళ్లో ఏటా బుడ్డక్క పేరు చెప్పి గుట్టకు సీమంతం చేస్తారు. గాజులు పెట్టి, చలిమిడి పంచుతారు. వాన రాల్చిన సుద్దనే గోడలకు పూసుకుంటారు. ఎవరైనా వచ్చి ఉన్నదానికి మించి అడిగితే, మంచినీళ్లిచ్చి కూర్చోబెట్టి, "గుట్టను కననీండి, ఇస్తాం" అంటారు.