పడుగు ఎక్కని మగ్గం

"పోయేవాడికి పెళ్లెందుకు గురువుగారూ?" అని అడిగాడు పరంజ్యోతి అనే శిష్యుడు. అతనికి వచ్చింది నెమ్మదిగా ముదిరే రక్త కేన్సరని డాక్టర్లు తేల్చి వారమైంది. నిశ్చయ తాంబూలాలు వెనక్కిచ్చేసి మఠంలోనే ఉండిపోతానని వచ్చాడు.

"ఆ అమ్మాయికి చెప్పావా?"

"చెప్పాను. మందులున్నాయి కదా, చేసుకుందామంది. ధైర్యం లేనిది నాకే."

గురువు విశ్వానందగారు వాదించే మనిషి కారు. తాను చూసిన ఒక సంగతి చెప్పారు.

చీరాల వైపు కోటిలింగం అనే నేతగాడికి ఇదే జబ్బు వచ్చింది. పూర్వం అతని పెదనాన్న దీనితోనే మూడేళ్లు తిరక్కుండా పోయాడు. తనకూ అంతే గడువని కోటిలింగం తీర్మానించుకున్నాడు. మగ్గానికెక్కించిన నిలువు దారాలు, అంటే పడుగు, సగంలో ఉండగా నేసేవాడు కన్నుమూస్తే అరిష్టమని ఆ ఇంటివారి నమ్మకం. అందుకని మగ్గం మీదున్న చీర ముగించి కోశాడు, మళ్లీ పడుగు ఎక్కించలేదు. కొడుకు పని నేర్పమంటే, "మధ్యలో నేను పోతే ఎట్లారా?" అనేవాడు. వాడు విసిగి ఇటుకల బట్టీకి పోయాడు. భార్య పున్నమ్మ ఊళ్లోవాళ్లకు నూలు కండెలు చుట్టి ఇల్లు నడిపింది. డాక్టరు రాసిన మాత్ర మాత్రం రోజూ తప్పకుండా మింగించేది. మూడేళ్ల గడువు దాటినా అతను ఇవాళో రేపో అంటూనే కూర్చున్నాడు. "ఏం బావా, ఇంకా బండి రాలేదా?" అని ఇరుగుపొరుగు వేళాకోళమాడేవారు.

ఒకసారి గురువుగారు వాళ్లకు తోడుగా ఆసుపత్రికి వెళ్లారు. కొత్తగా వచ్చిన డాక్టరమ్మ రక్తపరీక్ష చూసి, "ఏం పని చేస్తున్నారు?" అంది.

"ఏముందమ్మా. పోవడానికి కూర్చున్నాను."

"ఎక్కడికి?"

ఆమె నిజంగానే అర్థంకాక అడిగింది. తర్వాత నిదానంగా చెప్పింది. ఈ జబ్బు వచ్చినవాళ్లు ఒకప్పుడు కొద్ది ఏళ్లకే పోయేవారు. ఈ మాత్రలు వచ్చాక, మానకుండా వేసుకుని పరీక్షలు చేయించుకునేవాళ్లలో చాలామంది అందరిలాగే ముసలితనం దాకా బతుకుతున్నారు. "మీకు ఎవరూ చెప్పలేదా?"

చెప్పారు. మొదటి డాక్టరే చెప్పాడు. చావు కబురు విన్న చెవులకు ఆ మాట ఎక్కలేదు.

పున్నమ్మ తల బాదుకుంది. "పన్నెండేళ్లమ్మా! బతికున్న మనిషిని పాడె మీద పెట్టుకుని కూర్చున్నామా!"

వింటున్న పరంజ్యోతి అడిగాడు: "అయితే ఆ జబ్బు ఆయన దగ్గర్నుంచి ఏమీ తీసుకోలేదా?"

"ఆ పన్నెండేళ్లు తీసుకున్నది జబ్బు కాదు" అన్నారు గురువుగారు.