నూట తొమ్మిదో నీతి

ఒకానొక రాజ్యంలో అంటూ మొదలుపెట్టడం వాడుక. నాకు పేరు తెలుసు గనక దాచడం దేనికి? ఆ రాజ్యం మల్లెలదుర్గం. ఏలేవాడు గజప్రతాప భూపాలుడు. మనిషి చెడ్డవాడేం కాడు గానీ, తనంతటి జ్ఞాని ముల్లోకాల్లో లేడని ఆయనకు గట్టి నమ్మకం. చుట్టూ ఉన్నవాళ్లు ఆ నమ్మకానికి రోజూ నీళ్లు పోసి పెంచారు.

ఒకనాడు రాజుగారికి, పిల్లలకు పాపభీతి లేకుండా పోతోందని బెంగ పట్టుకుంది. మూడు నెలలు తలుపులు మూసుకుని ‘బాలదురిత నివారిణి’ అని ఒక గ్రంథం రాసేశారు. పిల్లలు చేయకూడని పాపాలు నూట ఎనిమిది! ఒక్కొక్క పాపానికి నరకంలో ఏ శిక్షో కూడా విడివిడిగా రాశారు.

దానికి తాటాకుల మీద ప్రతులు తీసే పని రాయసం గుండయ్యది. ఆస్థానంలో లేఖకుడు. గంటం పట్టుకుని రాస్తూ రాస్తూ మధ్యలో ఆగి, నవ్వు ఆపుకోలేక ఉత్తరీయం నోట్లో కుక్కుకునేవాడు. ఎందుకు నవ్వడూ! మీరే వినండి.

“మంచి బాలుడు తల్లి నీళ్లకు పోయిన వేళ, పీట మీద రోలు బోర్లించి, దానిపైకెక్కి ఉట్టి మీది వెన్న తినడు. తిని పిల్లి మూతికి పూయడు.”

“మంచి బాలుడు కునుకు తీస్తున్న గురువు పిలకను స్తంభానికి కట్టడు.”

“మంచి బాలుడు పూజారి కళ్లు మూసుకుని మంత్రం చదివే సందులో నైవేద్యపు వడపప్పు బుక్కడు.”

గ్రంథం వీధిబడికి చేరింది. అక్కడి అయ్యవారు ఓబళయ్య. డెబ్బై ఏళ్ల పెద్దమనిషి. నలభై ఏళ్లుగా ఇసుకలో వేలు పట్టి దిద్దించి, దేవుడి కథలు చెప్పి, ఊళ్లో సగం మందిని మనుషుల్ని చేసినవాడు. రాజాజ్ఞ కదా, కాదనలేక పిల్లల చేత కొత్త పుస్తకం వల్లె వేయించాడు. పిల్లలు ఊగుతూ, గొంతెత్తి, ఎంత ఇష్టంగా చదివారో చెప్పలేను. ఏ పాఠమూ వాళ్లకు అంత తొందరగా కంఠతా రాలేదు.

ఇక చూడండి! నెల తిరక్కముందే ఊళ్లో పిల్లులన్నిటి మూతులకూ వెన్నే. వడపప్పు లేని నైవేద్యాలు. అయ్యవారి పిలక రెండుసార్లు స్తంభానికి ముడిపడింది, రెండోసారి సగం ఊడింది కూడానూ.

జనం వచ్చి మొరపెట్టుకుంటే రాజుగారు మండిపడ్డారు.

“ఇంత గొప్ప గ్రంథం ఇచ్చినా పిల్లలు చెడ్డారంటే చెప్పేవాడిదే లోపం. ఓబళయ్యా, రేపు పొద్దెక్కేలోగా నువ్వూ నీ ఇల్లాలూ పొలిమేర దాటాలి.”

పాపం, ఆ ముసలాయన “ఈ వయసులో ఎక్కడికి పోయేది ప్రభూ?” అని మాత్రం అనగలిగాడు. ఊరి పిల్లలందరికీ మంచి చెప్పిన మనిషికి దక్కిన మర్యాద అదీ! నాకైతే ఇప్పుడు చెబుతుంటే కూడా ఒళ్లు మండుతుంది.

గుండయ్య లేచి చేతులు జోడించాడు. “ప్రభూ, సాయంత్రం కొలువు దాకా ఆ ఆజ్ఞ ఆపండి. తమ గ్రంథం స్ఫూర్తితో నేనూ ఒక నీతి రాశాను. నూట తొమ్మిదోది. తమ విశ్రాంతి మందిరంలో పెడతాను, ఒక్కసారి చిత్తగించండి.”

తన గ్రంథం పేరెత్తేసరికి రాజుగారు మెత్తబడ్డారు. “సరే, చూద్దాం. సాయంత్రం దాకానే సుమా!”

భోజనం చేసి మందిరానికి వెళితే, అక్కడ పీట మీద మూత పెట్టిన చిన్న కుండ. మూత మీద తాటాకు. రాజుగారు చదివారు.

“మంచివాడు ఈ కుండ మూత తీయడు. చెడ్డవాడు మాత్రం భటుణ్ణి తాంబూలానికి పంపి, మూత తీసి, చూపుడువేలు ముంచి, నాకి చూసి, వేలు ఉత్తరీయం లోపలి అంచుకు తుడుచుకుని, ఏమీ ఎరగనట్టు కొలువుకు వస్తాడు.”

“హు! మాకా నీతులు!” అని రాజుగారు పడుకున్నారు. అటు దొర్లారు. ఇటు దొర్లారు. కన్ను మూతపడితేనా! ఇంతగా వద్దంటున్నాడంటే అందులో ఏముండి ఉంటుంది? చివరికి లేచి కూర్చుని కేకేశారు.

“ఎవరక్కడ? తాంబూలం పట్రా!”

సాయంత్రం కొలువు నిండింది. ఓబళయ్య దంపతులు మూటతో సహా ఓ మూల నిలబడ్డారు. రాజుగారు ఠీవిగా వచ్చి సింహాసనం మీద కూర్చున్నారు.

“చదివామయ్యా నీ నీతి. అందులో ఏముంది, వట్టి చెత్త!”

సభంతా కొయ్యబారిపోయింది. రాజుగారి పెదవులు నలుపు, పళ్లు నలుపు, నాలుక కాటుక నలుపు! మంత్రి పైకప్పు కేసి చూశాడు. సేనాపతికి దగ్గు తెర ముంచుకొచ్చింది.

గుండయ్య ఏమీ ఎరగనట్టు మొహం పెట్టాడు. “ప్రభువులు మూత తీయలేదు కదా?”

“మేమా? ఛ!”

“అయితే ఒకసారి అద్దం చిత్తగించండి. ఆ కుండలో ఉన్నది మసీ ఆకుపసరూ కలిపిన ముద్ద. గంటంతో గీసిన అక్షరాలు కనబడాలని తాటాకులకు రుద్దుతాం.”

దాసి అద్దం పట్టింది. రాజుగారు చూసుకున్నారు. ఉత్తరీయం అంచు తిప్పి చూసుకున్నారు. మొహం జేవురించింది. సింహాసనం మీంచి లేచి ఒక్క అరుపు అరిచారు.

“తప్పంతా నీదే! మా మానాన మేము పడుకునేవాళ్లం. నువ్వు అంత వివరంగా రాసిపెట్టకపోతే మాకసలు ఆ బుద్ధే పుట్టేది కాదు!”

గుండయ్య వంగి నమస్కరించాడు.

“ఆ పిల్లల మనవి కూడా అదే ప్రభూ.”

రాజుగారు గుండయ్యను చూశారు, ఓబళయ్య సగం పిలకను చూశారు. ముందు మీసాలు కదిలాయి, తర్వాత భుజాలు, ఆ తర్వాత నల్లటి నోరు తెరిచి పొట్ట పట్టుకుని నవ్వారు. కొలువంతా అప్పటిదాకా బిగబట్టిన నవ్వు ఒక్కసారి వదిలింది.

“ఓడిపోయామయ్యా గుండయ్యా!” అంటూ తన చేతి బంగారు కడియం తీసి అతడికి తొడిగారు. తర్వాత మెట్లు దిగి ఓబళయ్య ముందు నిలబడ్డారు. “అయ్యవారూ, పిల్లలకు మీరు చెప్పే కథలే చెప్పండి. రేపటి నుంచి మా అబ్బాయిలూ మీ బడికే వస్తారు.”

ఆ సాయంత్రం అయ్యవారినీ, ఆయన ఇల్లాలినీ రాజుగారి సొంత పల్లకీలో ఇంటికి చేర్చారు. మేళతాళాలు ముందు నడిచాయి. పల్లకీ వెనక ఊరి పిల్లలందరూ “మా అయ్యవారు! మా అయ్యవారు!” అని గొంతులు బొంగురుపోయేలా అరుస్తూ నడిచారు.